మైకు ఆటో వినపడని ఇంటికి వరద కబురు ఎలా?

మలక్‌పేట కుర్రాడు:
మా బాబాయ్, పిన్ని ఇద్దరికీ పుట్టినప్పటి నుంచి వినపడదు. మూసీ మీది మూసారాంబాగ్ వంతెనకి దగ్గరలో కింది పోర్షన్. ఎగువనున్న హిమాయత్‌సాగర్ జలాశయం గేట్లు ఎత్తిన రాత్రి మైకు ఆటో వాళ్ల వీధిలో మూడుసార్లు తిరిగిందట, వీళ్లు హాయిగా నిద్రపోయారు. మంచం మీంచి చెయ్యి వేలాడి, వేళ్లకి నీళ్లు తగిలి లేచాడు బాబాయ్. కాలింగ్ బెల్‌కి బల్బు కలిపి పెట్టుకున్నారు, ఎవరైనా నొక్కితే గదిలో లైటు వెలుగుతుంది, కానీ వానకి కరెంటు ముందే పోయింది కదా! నేనేమో గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్. ఇలాంటివాళ్లున్న ఇళ్లలో ఏం చేస్తున్నారు?

రామంతాపూర్ అక్క:
2023లో చాలామంది ఫోన్లు ఒక్కసారిగా సైరన్ కొట్టాయి, గుర్తుందా తమ్ముడూ? అది సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే ప్రభుత్వ ప్రమాద హెచ్చరికకి టెస్ట్. నంబర్ నమోదు చేసుకునే పని లేదు, ఆ ప్రాంతం టవర్ల కింద ఉన్న ఫోన్లకి నేరుగా వస్తుంది, వైబ్రేషన్ కూడా ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో నువ్వే చూడు. మా అమ్మకీ వినపడదు, ఫోన్ దిండు గలీబులో పెట్టుకుంటుంది (ఛార్జింగ్ పెట్టి మాత్రం వద్దు, వేడెక్కుతుంది). గేటు ఎత్తిన ప్రతిసారీ ఆ అలర్ట్ వస్తుందని నమ్ముకుని కూర్చోవద్దు.

తెల్లకర్ర:
నాకు చూపు లేదు, నా గోల ఇంకోటి. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో హెచ్చరికని ఫోటోగా పెడతారు. ఫోన్ తెర మీదది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ‘ఫోటో’ అని ఊరుకుంటుంది, అది వరదో పెళ్లి పిలుపో నాకేం తెలుసు? రెండు ముక్కలు టైప్ చెయ్యండ్రా బాబూ అంటే "ఫార్వర్డ్ వచ్చింది అంకుల్" అంటారు.

పాత గుమాస్తా:
ఇది దయ తలచి చేసే పని కాదండీ. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 8 చూడండి, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర జిల్లాలోని వికలాంగుల వివరాలు ఉండాలి, ప్రమాదం వస్తే వాళ్లకి తెలియజేసే ఏర్పాటూ ఉండాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. ఈలోగా పై పోర్షన్ వాళ్ల దగ్గర ఒక తాళంచెవి ఉంచండి.

మలక్‌పేట కుర్రాడు:
అర్జీ రాశాను సార్. తాళంచెవి మాత్రం ఇవ్వనంటున్నాడు బాబాయ్, ఆయన పంతం ఆయనది. అందుకని మంచం కిటికీకి ఎదురుగా జరిపాం, మొహం మీద టార్చి కొట్టమని పైవాళ్లకి చెప్పాం. నిన్న రాత్రి కొట్టి చూస్తే పిన్ని వెంటనే లేచింది, బాబాయ్ దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాడు.