ప్రోగ్రామ్ కూలిపోయినా షెల్ పరీక్ష పాస్ అని ఎందుకు చూపుతోంది?

ప్రశ్న:
నమస్కారం. మా కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌కు బాష్ షెల్‌లో రాసుకున్న పరీక్షల్లో, దాని అవుట్‌పుట్‌ను పైపు ద్వారా (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను నేరుగా మరో కమాండ్‌కు అందించే మార్గం) ఏమీ ముద్రించకుండా వాక్యాన్ని వెతికే ‘గ్రెప్ -క్యూ’కు పంపి, కావలసిన వాక్యం దొరికితే పరీక్ష పాస్ అయినట్టు లెక్కిస్తున్నాము. నిన్న ఆ ప్రోగ్రామ్ సరైన వాక్యాన్నే ముద్రించి, వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తాకకూడని మెమరీని తాకిన తప్పుతో) కూలిపోయింది. అయినా పరీక్ష పాస్ అయింది. ఏదైనా కమాండ్ ఫెయిల్ అయితే స్క్రిప్ట్‌ను ఆపే ‘సెట్ -ఈ’ స్క్రిప్ట్ మొదటి వరుసల్లోనే ఉంది. అది ఉండి కూడా తప్పు ఎందుకు బయటపడలేదో దయచేసి వివరించగలరా?

మొదటి సమాధానం:
పైపులో ఎన్ని కమాండ్లు ఉన్నా, షెల్ మామూలుగా చివరి కమాండ్ ఎగ్జిట్ స్టేటస్‌నే (ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య; 0 అంటే విజయం, మిగతావి వైఫల్యం) మొత్తం పైపు ఫలితంగా తీసుకుంటుంది. మీ ప్రోగ్రామ్ 139తో, అంటే 128కి సెగ్మెంటేషన్ ఫాల్ట్ సిగ్నల్ సంఖ్య 11 కలిపిన విలువతో ముగిసినా, గ్రెప్ 0 ఇచ్చింది కాబట్టి ‘సెట్ -ఈ’కి ఆగవలసిన కారణమే కనిపించలేదు. ‘సెట్ -ఓ పైప్‌ఫెయిల్’ పెడితే పైపులో ఏ కమాండ్ ఫెయిల్ అయినా మొత్తం ఫెయిల్ అవుతుంది కాబట్టి ఇది పట్టుబడుతుంది. అది బాష్‌లో చాలాకాలంగా ఉంది, షెల్‌లన్నిటికీ ఉమ్మడి నియమాలు చెప్పే పోసిక్స్ ప్రమాణపు 2024 సంచికలోనూ చేరింది. అయితే మీ విషయంలో అదొక్కటే చాలదు: ‘గ్రెప్ -క్యూ’ మొదటి పోలిక దొరకగానే వెళ్లిపోతుంది, ఆ తరువాత కూడా రాస్తూనే ఉన్న ప్రోగ్రామ్‌కు సిగ్‌పైప్ (చదివేవారు లేని పైపులోకి రాస్తే వచ్చే సిగ్నల్) తగిలి 141 వస్తుంది, అప్పుడు ఏ తప్పూ లేని పరీక్ష ఒకసారి పాస్ అయి మరొకసారి ఫెయిల్ అవుతుంది. అందువల్ల అవుట్‌పుట్‌ను ముందు ఒక ఫైలులోకి పంపి, ప్రోగ్రామ్ స్టేటస్ చూసుకుని, ఆపైన ఆ ఫైలులో గ్రెప్ చేయడమే నాకు సరైన పద్ధతిగా తోస్తుంది. కోడ్ మార్పులను భద్రపరిచే సాధనమైన గిట్ ప్రాజెక్టు తన పరీక్షలు రాసేవారికి చెప్పేది కూడా ఇదే: గిట్ కమాండ్‌ను పైపులో చివరి స్థానంలో తప్ప ఉంచవద్దు.

రెండవ సమాధానం:
పై సమాధానంతో ఏకీభవిస్తూ, ‘ఈ కమాండ్ ఫెయిల్ కావాలి’ అని చూసే పరీక్షలను కూడా ఒకసారి పరిశీలించమని కోరుతున్నాను. కమాండ్ ముందు ‘!’ పెడితే సున్నా కాని ప్రతి స్టేటస్ విజయమే అవుతుంది. ప్రోగ్రామ్ మర్యాదగా తప్పు సందేశం ఇచ్చి ఆగినా, మధ్యలో కూలిపోయినా, పేరు తప్పుగా రాయడం వల్ల అసలు దొరకక 127 వచ్చినా తేడా తెలియదు. గ్రెప్ విషయమూ అంతే: వాక్యం లేకపోతే 1, ఫైలే లేకపోతే 2 వస్తుంది, ‘!’ రెండింటినీ ఒకే గాటన కడుతుంది. కాబట్టి మీరు ఆశించే సంఖ్యతోనే పోల్చండి.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫైలు పద్ధతికి మార్చాక దాగి ఉన్న మరో తప్పు కూడా దొరికింది. కానీ ప్రతి పరీక్షను ఒక ఫంక్షన్‌గా రాసి ‘ఇఫ్’ షరతులో పిలుస్తున్నాము. ఫంక్షన్ మధ్యలో ఒక కమాండ్ ఫెయిల్ అయినా తరువాతి వరుసలు నడుస్తూనే ఉన్నాయి.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
‘ఇఫ్’ షరతులోనూ, ‘&&’, ‘||’లకు ఎడమవైపునా పిలిచిన ఫంక్షన్ లోపల అంతటా ‘సెట్ -ఈ’ పనిచేయదు; లోపల మళ్లీ రాసినా ఫలితం ఉండదు. ఫంక్షన్‌లోని వరుసలన్నిటినీ ‘&&’తో గొలుసులా కలపండి, లేదా ప్రతి వరుస చివర ‘|| రిటర్న్ 1’ చేర్చండి. ఫంక్షన్‌కే పరిమితమైన చరరాశిని ప్రకటించే ‘లోకల్’ వరుసలోనే కమాండ్ ఫలితాన్ని దానిలోకి తీసుకుంటే, ఆ కమాండ్ స్టేటస్ పోయి ‘లోకల్’ ఇచ్చే 0 మిగులుతుంది. ప్రకటన ఒక వరుసలోనూ, విలువ ఇవ్వడం మరో వరుసలోనూ ఉంచండి. అన్నీ సరిచేశాక ప్రోగ్రామ్ స్థానంలో కొద్దిసేపు, ఎప్పుడూ ఫెయిల్ మాత్రమే అయ్యే ‘ఫాల్స్’ కమాండ్‌ను పెట్టి నడపండి. అప్పటికీ పాస్ అయ్యే పరీక్షలు ఏవైనా మిగిలితే వాటిని ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాము.