పండగ ముందు ఉద్యోగిని తొలగించడం: దసరాకు ముందా, సంక్రాంతి తరువాతా?

వన్‌టౌన్ వ్యాపారి

విజయవాడ వస్త్రలతలో మాకు టోకు బట్టల దుకాణం ఉంది. పనివాళ్లు ఇరవై ముగ్గురు. పార్శిళ్లు కట్టించడం, ట్రాన్స్‌పోర్టులో బుక్ చేయడం, ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీలు ఖాతాదారులకు పంపడం ఏడేళ్లుగా ఒకాయన చూస్తున్నారు. చేతిరాత బిల్లులు ఉన్నంతకాలం ఆయన పనికి వంక పెట్టవలసి రాలేదు. రెండేళ్ల కిందట అంతా కంప్యూటర్‌లోకి మారినప్పటి నుంచి తప్పులు పెరుగుతూ వచ్చాయి. మొన్న శ్రావణంలో నరసరావుపేట వెళ్లవలసిన నాలుగు బేళ్లు నర్సాపురం చేరాయి. సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులో బండి నంబరు తప్పు పడి మరో లోడు ఒక పూటంతా తనిఖీలో ఆగిపోయింది. నోటితో చాలాసార్లు చెప్పాను గాని కాగితం మీద ఏమీ ఇవ్వలేదు.

వినాయక చవితి వెళ్లింది, దసరా ఐదు వారాల్లోపే ఉంది. ఆయన వేసవిలో కూతురి పెళ్లి చేశారు; కొత్త అల్లుడు దసరాకూ, ఆపైన సంక్రాంతికీ వస్తాడు. ఇప్పుడే పంపేస్తే బోనస్ అయినా మిగులుతుందని మా తమ్ముడు, సంక్రాంతి వెళ్లేదాకా ఆ మాటే ఎత్తవద్దని మా నాన్నగారు అంటున్నారు. మీరైతే ఏమి చేస్తారో చెప్పండి.

గుంటూరు వకీలు

ముందుగా మీ తమ్ముడుగారి లెక్క సరిచేయాలి. మనం అలవాటుగా దసరా బోనస్ అంటాం కాని, అది మొన్న మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఆయన చేసిన పనికి రావలసిన సొమ్ము. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట, జీతం పరిమితికి లోబడిన ఉద్యోగి ఆ ఏడాదిలో 30 రోజులు పనిచేసి ఉంటే, కనీసం 8.33 శాతం చొప్పున, ఏడాది ముగిసిన ఎనిమిది నెలల్లో, అంటే నవంబరు ఆఖరులోగా చెల్లించాలి. మోసం, దొంగతనం, దుకాణంలో దౌర్జన్యం వంటి కారణాలతో తొలగిస్తేనే బోనస్ హక్కు పోతుంది. పని సరిగా చేయలేదన్నది ఆ కారణాల్లో లేదు. కాబట్టి ఈ రోజు పంపినా ఆ డబ్బు మిగలదు.

ఇక తొలగింపు సంగతి. దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం ఆరు నెలలు దాటి పనిచేసిన వ్యక్తిని తగిన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు గాని, బదులు జీతం గాని ఇవ్వకుండా తీయడానికి లేదు. శిక్షగా కాకుండా పని చాలదని పంపితే అది సాధారణంగా రిట్రెంచ్‌మెంట్ (శిక్ష కాని తొలగింపు) కిందికి వస్తుంది గనుక, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ఐదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ, అంటే దీర్ఘకాల సేవకు ఇచ్చే సొమ్ము, వేరే. చివరి వేతనం 18,000 అనుకుంటే, దాన్ని 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాదికి సుమారు 10,385. ఏడేళ్లకు 72,692 రూపాయలు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ వల్ల, తొలగించిన రెండు పనిదినాల్లో జీతం బకాయి మొత్తం చేతికి అందాలి. ఇందులో ఏ అంకె కూడా పండగను బట్టి మారదు.

తెనాలి పెద్ద దుకాణం

వకీలుగారు చెప్పినదంతా నిజమే కాని బజారు చట్టం ఒక్కదాని మీదే నడవదు. పండగ ముందు ఒకరిని పంపితే మిగిలిన ఇరవై ఇద్దరూ తరువాత వంతు ఎవరిదోనని చూస్తూ పనిచేస్తారు, ఆ మాట సాయంత్రానికల్లా వీధి చివరి దాకా పాకుతుంది. కొత్త అల్లుడు ఇంట్లో ఉండగా మామగారికి ఉద్యోగం ఊడిందన్న మాట ఆ ఇంటి ఆడపిల్ల మీద ఎంత బరువు పెడుతుందో ఊహించండి. ఉసురు పోసుకున్న వ్యాపారం బాగుపడగా నేను చూడలేదు. మీ నాన్నగారి మాట వినండి.

హనుమకొండ హెచ్ఆర్

పెద్దవారి మాటను తోసిపుచ్చడం లేదు. మా వైపు దసరా, బతుకమ్మలకు ఉన్న బరువు మీ వైపు సంక్రాంతికి ఉందని తెలుసు. అయితే సంక్రాంతి దాకా ఆగితే ఆ నాలుగు నెలల్లో ఆయన ఏమి చేస్తారో ఆలోచించండి. ఉద్యోగం ఉందన్న ధైర్యంతోనే చీటీ పాడతారు, అల్లుడికి బట్టలో బండో పెడతారు, ఆ అప్పు వచ్చే ఏడాది జీతంలో తీరుతుందని అనుకుంటారు. తీసేయాలని మీరు మనసులో నిర్ణయించుకుని ఉండి కూడా ఆ అప్పు చేయనిచ్చారంటే, దాన్ని దయ అనడానికి నాకు మనసు రాదు. నిర్ణయం ఖాయమైతే ఇప్పుడే చెప్పండి, ఆఖరి రోజు మాత్రం పండగ తరువాత పెట్టండి. ఖాయం కాకపోతే లిఖితపూర్వకంగా గడువు ఇవ్వండి. సీజనులో ఎవరికైనా తప్పులు పెరుగుతాయి, కాబట్టి ఆ ఐదు వారాలను మాత్రమే కొలతగా తీసుకోకండి.

మాజీ గుమాస్తా

గోదావరి జిల్లాలో ఒక బట్టల కొట్టులో నేను గుమాస్తాగా చేశాను. ధనుర్మాసమంతా పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా నిలబెట్టి పని చేయించుకుని, ముక్కనుమ మర్నాడు పిలిచి, నీ పని కొన్నాళ్లుగా బాగాలేదు, వేరే చోటు చూసుకో అన్నారు. పండగ పూట చెప్పలేక ఆగామని కూడా అన్నారు. టోకులో దసరా సరుకు పండగకు నెల ముందే కదులుతుంది. ఇప్పుడు ఆయన్ని తీస్తే మీ పార్శిళ్లు ఎవరు కడతారు? ఆగడంలో మీ అవసరం ఎంత, ఆయన మీద జాలి ఎంత అన్నది విడివిడిగా లెక్క వేసుకున్నాకే దాన్ని దయ అనండి.

డల్లాస్ తెలుగు

ఇక్కడ అమెరికాలో హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులే గడువు. డిసెంబరు మొదట్లో తీసేస్తే ఆ 60 రోజుల్లో సగం క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవుల్లో, కంపెనీలు ఇంటర్వ్యూలే పెట్టని రోజుల్లో పోతుంది. తేదీ మానవత్వానికి సంబంధించినదే అని నేను అంటాను, కాని పండగను బట్టి కాదు, మళ్లీ పని ఎప్పుడు దొరుకుతుందన్నదాన్ని బట్టి. మీ బజారులో చేతులు ఎక్కువగా కావలసిన నెల ఏది?

తెనాలి పెద్ద దుకాణం

డల్లాస్ వారి ప్రశ్నకు జవాబు: ఈ నెలే. సంక్రాంతి దాటాక శూన్యమాసంలో ఎవరూ కొత్త మనిషిని పెట్టుకోరు. ఆ లెక్కన నా మాటే నాకు అడ్డం వస్తోందని ఒప్పుకుంటాను. అయినా ఒక సంగతి అడగాలి. కంప్యూటర్‌లో మొదటి మూడు అక్షరాలు కొట్టగానే నరసరావుపేట, నర్సాపురం ఒకదాని కింద ఒకటి వస్తాయి. మా కుర్రాడు కూడా ఒకసారి అలాగే పొరబడ్డాడు. ఆయనకు తెర మీది అక్షరాలు సరిగా కనబడుతున్నాయా? ఎవరైనా పక్కన కూర్చుని నేర్పారా? ఏడేళ్లుగా ప్రతి ఖాతాదారు అలవాటూ తెలిసిన మనిషిని గోడౌన్‌కు మార్చి, బుకింగ్ వేరేవారికి ఇవ్వవచ్చు కదా.

హనుమకొండ హెచ్ఆర్

ఆ మార్పు సాధ్యమైతే అసలు ఈ ప్రశ్నే ఉండదు, కాబట్టి ముందు అదే తేల్చుకోవాలి. కాని మార్చిన చోట కూడా ఇదే జీతమా, తక్కువా అన్నది అదే రోజు చెప్పండి. గోడౌన్‌లో పడేస్తే ఆయనే విసిగి వెళ్లిపోతాడన్న ఆలోచనతో మార్చేవాళ్లను చాలామందిని చూశాను. సూటిగా తొలగించడం కంటే అది హీనం.

వన్‌టౌన్ వ్యాపారి

ఆయనకు ఎవరూ నేర్పలేదన్నది నిజమే. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఒక రోజు వచ్చి బిల్లింగ్ కుర్రాళ్లకు చూపించి వెళ్లారు, ఆ రోజు ఈయన లారీ ఆఫీసులో ఉన్నారు. గోడౌన్‌లో ఖాళీ లేదు, ఉన్నవాళ్లను కదపలేను. అందుకని ఈ వారమే ఒక లేఖ ఇస్తాను: ఏ తప్పులు జరిగాయి, ఎవరు నేర్పుతారు, కార్తీకం మధ్య దాకా ఎన్ని పార్శిళ్లు తప్పు లేకుండా వెళ్లాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. కుదరకపోతే అప్పుడు నెల నోటీసు, దానితోపాటు వకీలుగారు చెప్పిన లెక్క. అలా అయితే ఆఖరి రోజు సంక్రాంతికి ముందే, ధనుర్మాసం మొదట్లో పడుతుంది. ఆ సంగతి కూడా లేఖలోనే రాస్తాను, దాన్ని చూసుకునే ఆయన పండగ ఖర్చు పెట్టుకుంటారు. మా నాన్నగారు ఇంకా ఒప్పుకోలేదు.

మాజీ గుమాస్తా

లేఖ ఇచ్చేటప్పుడు తలుపు వేసి, మీరిద్దరే ఉండి ఇవ్వండి. బోనస్ మాత్రం అందరికీ ఇచ్చే రోజున, అందరితోపాటే, అదే బల్ల దగ్గర ఇవ్వండి. విడిగా పిలిచి ఇచ్చారంటే లేఖలో ఏముందో దుకాణమంతా చదివినట్టే.