ఆటోనగర్ లాట్‌లో వచ్చిన పాత ఆల్టర్నేటర్ ఏ బండిదో చెప్పగలరా?

బెజవాడ_మార్క్2:
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం ఆటోనగర్‌లో ఒక పాత షెడ్డు ఖాళీ చేస్తుంటే మూలనున్న సామానంతా లాట్ కింద తెచ్చుకున్నాను, అందులో ఈ ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది) వచ్చింది. పేరు రేకు ఊడిపోయి రెండు రివెట్ల గుంటలే మిగిలాయి. కిరసనాయిలు పోసి పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు తోమితే బాడీ మీద 14వి అని, దాని పక్కన ఒక 5 తేలాయి, ఆ తర్వాతి అంకె అరిగిపోయింది. వెనక పెద్ద బోల్టు దగ్గర బి+, చిన్నవాటి దగ్గర డి+, డబ్ల్యూ అని ఉన్నాయి. అర్థం కానిది ఒకటే, వెనక మధ్యలోంచి పళ్లున్న షాఫ్ట్ అరంగుళం బయటికి పొడుచుకొచ్చి ఉంది, చుట్టూ నల్లటి ఆయిల్ జిగురు.

మా నాన్నగారి మార్క్ 2 అంబాసిడర్‌కి ఇంకా డైనమోనే, అంటే ఆల్టర్నేటర్‌కి ముందు వాడిన పాత రకం. రాత్రిపూట బెంజ్ సర్కిల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు బుడ్డి దీపాల్లా అయిపోతాయి. ఇది దానికి పనికొస్తుందా? మా బ్యాటరీ 12 ఓల్టులు కదా, దీని మీద 14 ఎందుకుంది?

గుంటూరు_డీజిల్:
తమ్ముడూ, ఆ షాఫ్టే జవాబు. అది వాక్యూమ్ పంపు, అంటే గాలి లాగేసే పంపు, కూర్చునే చోటు. పెట్రోల్ ఇంజన్‌లో బ్రేక్ బూస్టర్‌కి (బ్రేక్ తేలిగ్గా పడేలా సాయపడేది) కావలసిన వాక్యూమ్ మానిఫోల్డ్‌లోంచే, అంటే ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోంచే వస్తుంది, పాత డీజిల్‌లో గాలిని అడ్డుకునే త్రాటిల్ మూత ఉండదు కాబట్టి వేరే పంపు పెట్టాలి, చాలా డీజిల్ జీపులకీ వ్యాన్లకీ దాన్ని ఆల్టర్నేటర్ వెనకే బిగించేవారు. ఆ పంపుకి ఇంజన్ ఆయిల్ పైపు వస్తుంది, నీకు కనపడే జిగురు అదే. డబ్ల్యూ టెర్మినల్ ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం మీటర్ కోసం, డీజిల్‌కి ఇగ్నిషన్ కాయిల్ లేదుగా మరి, అక్కణ్ణుంచి తీసుకోవడానికి. కాబట్టి ఇది డీజిల్ బండిదే. ఏ మోడల్‌దో టెర్మినళ్లు చూసి చెప్పలేం. బాడీ అంతా ఇంకోసారి తోము, 0 120తో మొదలయ్యే పది అంకెల నంబర్ దొరికితే అది బాష్ సరుకు, ఆ నంబర్‌తో ఏ బండిదో పట్టుకోవచ్చు.

14 చూసి కంగారు పడకు. 12 ఓల్టుల బండికి ఛార్జింగ్ 14 దగ్గర ఉంటుంది, అందుకే అలా వేస్తారు. లారీలదైతే 28 ఉండేది.

వైండింగ్_షాపు:
అంకెల మీద ఆధారపడకండి సార్, పాత సరుకులో ఒకదాని బాడీలో ఇంకోదాని రోటర్ (లోపల తిరిగే చుట్ట) వేసినవి నా చేతికి చాలా వచ్చాయి. బ్రష్‌లు (రోటర్‌కి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) తీసి, అవి రాసుకునే రెండు స్లిప్ రింగుల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 3, 4 ఓమ్‌లు వస్తే 12 ఓల్టులది, 9 దరిదాపుల్లో వస్తే 24ది. తర్వాత రింగుకీ షాఫ్ట్‌కీ మధ్య చూడండి, అక్కడ మీటర్ అస్సలు కదలకూడదు, కదిలిందంటే రోటర్ బాడీ షార్ట్. అలాగే బ్రష్‌లు తడిగా, జారుడుగా ఉన్నాయేమో వేలితో తాకి చూడండి. వెనక ఆయిల్ సీలు పోతే ఆయిల్ రింగుల మీదికి దిగి, కార్బన్ పొడితో కలిసి ముద్దయిపోతుంది, అప్పుడు కరెంటు ఒకసారి వస్తుంది ఒకసారి రాదు.

బెజవాడ_మార్క్2:
చూశానండీ. 3.4 ఓమ్‌లు వచ్చింది, బాడీకి ఏమీ రావట్లేదు. కానీ మీరు చెప్పినట్టే బ్రష్‌ల దగ్గర నల్లటి ముద్ద ఉంది, వేలికి కాటుకలా అంటుకుంది.

పాత_అంబీ:
బాబూ, బిగించే ముందు ఒక్క మాట. డైనమో కాలం బళ్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి పోతుంది. అలాంటి బండికి దీన్ని కలిపావంటే బ్యాటరీ వైరు తగిలిన క్షణంలోనే దీని లోపల కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్లు కాలిపోతాయి. ముందు బ్యాటరీ ఏ పోస్టు బాడీకి పోయిందో చూడు.

ఇది మాత్రం వద్దంటాను. మార్క్ 2కి బూస్టరే లేదు, వెనక ఆయిల్ దారి ఊరికే మూయాల్సొస్తుంది, పైగా సీలు పోయింది. దీన్ని డీజిల్ జీపు వాళ్లెవరికైనా ఇచ్చి, పంపు లేని మామూలుది తీసుకో. మీ డైనమో లూకాస్ సీ40 అయితే 22, 25 ఆంప్స్ దరిదాపుల్లోనే ఇస్తుంది, 35 ఆంప్స్ ఆల్టర్నేటర్ చాలు. ఛార్జింగ్ వైరు మాత్రం లావుది వెయ్యాలి, పాత వైరు కాగిపోతుంది. డైనమో కరెంటుని అదుపు చేసే పాత కటౌట్ పెట్టెని సర్క్యూట్‌లోంచి తీసెయ్యి, రెగ్యులేటర్ ఆల్టర్నేటర్‌లోనే ఉంటుంది. డ్యాష్‌లో ఛార్జింగ్ బల్బు తియ్యకు, రోటర్‌కి మొదటి కరెంటు దాన్లోంచే వెళ్తుంది.

బెజవాడ_మార్క్2:
ఇప్పుడే బానెట్ ఎత్తి చూశాను. బ్యాటరీ లావు పోస్టు, అంటే ప్లస్, దాని వైరే బాడీకి బిగించి ఉంది! ఈపాటికి కలిపేసేవాణ్ణి బాబాయ్. ముందు ఎర్త్ మార్పించి, కాయిల్ వైర్లూ అమ్మీటర్ వైర్లూ తిప్పిస్తాను. గుంటూరు అన్నా, మీకు తెలిసిన జీపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, సీలు, బ్రష్‌లు కొత్తవి వేయించి ఇస్తాను, డబ్బులక్కర్లేదు.