నైట్ షెల్టర్ మీద చుట్టుపక్కలవాళ్ల ఫిర్యాదులు: ఆదివారం మీటింగ్‌లో ఏం చెప్పాలి?

కొత్తమేనేజర్:

అందరికీ నమస్కారం. ఇల్లులేని మగవాళ్ల కోసం నలభై పడకల రాత్రి షెల్టర్ ఒకటి నడిపే బాధ్యత నా మీద పడి ఏడు వారాలైంది. అంతకుముందు ఇక్కడే లెక్కలు చూసేదాన్ని. పాత మేనేజరు వెళ్తూ వెళ్తూ ఒక తాళాలగుత్తి, ఒక ఫిర్యాదుల ఫైలు నా చేతిలో పెట్టారు. తాళాలు ఫరవాలేదు, ఫైలే మోయలేకపోతున్నాను.

సాయంత్రం 7కి తలుపు తీస్తాం. పొద్దున 6.30కల్లా అందరూ ఖాళీ చేయాలి. ఫైల్లో ఉన్నవి దాదాపు ఒకే రకం. ఐదింటినుంచే క్యూ కడుతున్నారట, బడి నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ క్యూ పక్కనుంచే నడవాల్సి వస్తోందట. వెనకింటి గోడ మీద మూత్రం పోస్తున్నారు. ఇది నిజం, నేనే చూశాను. పొద్దున్నే ఎదురింటి మెట్ల మీద సంచులతో కూర్చుంటున్నారు. రాత్రి గేటు దగ్గర అరుపులు. "రోగాలు అంటుకుంటాయి" అని మూడు ఉత్తరాలు, ఇళ్ల ధరలు పడిపోతాయని ఒకటి.

ఆదివారం చుట్టుపక్కలవాళ్లంతా మీటింగ్ పెట్టారు, నన్ను రమ్మన్నారు. ఇరవై రెండు స్లైడ్లు తయారుచేసుకున్నాను. మొదటి స్లైడు "నిరాశ్రయులూ మనుషులే." మా ఆయన చూసి, "కాదని ఎవరన్నారు?" అన్నాడు. అంతే, అక్కడే ఆగిపోయాను. ఇలాంటివి నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రాత్రిడ్యూటీ:

మీ ఆయన సగం పని చేసేశాడమ్మా. మిగతా ఇరవై ఒక్క స్లైడ్లు కూడా పక్కన పెట్టేయండి.

నేను పద్నాలుగేళ్లలో రెండు షెల్టర్లు నడిపాను. మొదటిది మూతపడింది, అదీ నా చేతుల మీదే. డబ్బుల్లేక కాదు. ఇలాంటి మీటింగులోనే ఒకాయన లేచి "తాగినవాళ్లని రానిస్తారా?" అనడిగాడు. చప్పట్లు కొడతారని "చచ్చినా రానివ్వం" అన్నాను. కొట్టారు. ఆ రోజునుంచి తాగి వచ్చినవాణ్ణల్లా గేటు దగ్గరే ఆపేశాం. ఆపితే ఎక్కడికి పోతాడు? గేటు పక్కనే పడుకుంటాడు, లేదా గేటు మీద కొడుతూ అరుస్తాడు. కాలనీవాళ్లు ఏది చూడకూడదని అడిగారో సరిగ్గా దాన్నే మేం రోజూ వాళ్ల కళ్లముందు పెట్టాం. ఏడాదిన్నరలో సంతకాలు సేకరించి మూయించేశారు. వాళ్లని తప్పుపట్టలేను.

రెండోచోట నోరు వాసన చూడటం మానేశాం, నడవడిక చూశాం. కొట్టేలా ఉన్నాడా, బెదిరిస్తున్నాడా, అలాంటప్పుడే బయట. ఉత్తినే తూలుతుంటే లోపలికి, డెస్కు ఎదురుగా ఉన్న రెండు మంచాల్లో ఒకదాని మీదికి. వెల్లకిలా కాదు, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వాంతి ఊపిరికి అడ్డం పడకుండా. మధ్యమధ్యలో ఊపిరి చూస్తుండాలి. లేపినా లేవకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా అంబులెన్స్‌కి ఫోన్ చేయడమే, ఆలోచించేదేం లేదు.

ఇప్పుడు మీ ఫైలు సంగతి. మళ్లీ ఒకసారి చదవండి, ప్రతి ఫిర్యాదు పక్కన టైము రాసుకుంటూ. చాలావరకు ఐదూ ఏడు మధ్య, పొద్దున ఆరున్నర తర్వాత. అంటే మీ తలుపు మూసున్న టైములే. కాలనీని ఇబ్బంది పెడుతున్నది మీ మనుషులు కాదమ్మా, మీ టైంటేబులు.

క్యూ ఎందుకు కడతారు? ముందొచ్చినవాడికే పడక కాబట్టి. నిన్న పడుకున్నవాడి పడక ఇవాళ రాత్రి 8.30 దాకా వాడిదే అని రూలు పెట్టండి, వారంలో క్యూ పలచబడుతుంది. మాకు నాలుగో రోజుకే ఐదారుగురు మిగిలారు, అందరూ కొత్తవాళ్లే. గోడ సంగతి ఇంకా తేలిక. రెండు గంటలు నిలబెట్టి మరుగుదొడ్డి ఇవ్వకపోతే పెద్దమనుషులైనా అదే గోడ వెతుక్కుంటారు. పడకల గదికి తాళం ఉండనివ్వండి, ముందు మరుగుదొడ్డి మాత్రం నాలుగింటికే తెరవండి. పొద్దున కూడా అంతే, ఆరున్నరకి బయటికి తోలితే ఆ టైముకి ఏ ఆఫీసు తెరిచి ఉంటుంది, ఏ ఆస్పత్రిలో చీటీ ఇస్తారు? వరండా తొమ్మిదింటిదాకా వాళ్లకి వదిలేయండి. వీటన్నిటికీ రోజుకి ఒక మనిషి ఐదున్నర గంటల జీతం అదనంగా అవుతుంది. కమిటీ దగ్గర కొట్లాడాల్సింది దానికోసం.

"రోగాలు" అన్నవాళ్లని వెక్కిరించకండి. వాళ్ల భయం తప్పు కాదు, దిశ తప్పు. గజ్జి అంటేది ఎక్కువసేపు ఒళ్లూ ఒళ్లూ తగిలితే, పక్కపక్కన పడుకుంటే, బట్టలు మార్చుకుంటే. క్యూ పక్కనుంచి నడిచిపోతే కాదు. టీబీ గాలిలో వస్తుంది నిజమే, కానీ ఎక్కువ ప్రమాదం మూసిన గదిలో గంటల తరబడి అదే గాలి పీల్చేవాళ్లకి. అంటే లోపల పడుకునే నలభైమందికి, మీకు, మీ వాచ్‌మన్‌కి. కాబట్టి జాగ్రత్త లోపల పడాలి. మంచాల మధ్య కనీసం 3 అడుగులు, ఒకడి తల ఉన్నవైపు పక్కవాడి కాళ్లు వచ్చేలా పడుకోబెడితే దగ్గు తుంపరలు మొహాన పడవు. కిటికీలు చలికి మూసేస్తారు, మీరే తిరిగి పైనున్నవైనా తెరవాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే పరీక్షకి పంపించాలి. గజ్జి మొదటిసారి సోకినవాడికి దురద మొదలయ్యేసరికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. అందుకే "దురద ఉన్నవాళ్లు చెప్పండి" అంటే చాలదు, దగ్గరగా మెలిగినవాళ్లందరికీ ఒకేసారి మందు రాయించాలి. ఉతకలేనివి సంచిలో పెట్టి మూతి బిగించి వారం పక్కన పడేస్తే చాలు. ఆ పురుగు మనిషి ఒంటిమీద లేకుండా రెండుమూడు రోజులకి మించి బతకదు. మీటింగులో ఇదంతా చెప్పక్కర్లేదు. "మా దగ్గర ఇలా చూస్తున్నాం" అని రెండు వాక్యాలు చాలు, కానీ ఆ రెండు వాక్యాలూ నిజమై ఉండాలి.

ధరల గురించి ఏమీ మాట ఇవ్వకండి. పడిపోవని ఒట్టేసి చెప్పడానికి మనమెవరం?

మూడోఇల్లు:

నేను అవతలిపక్షం. మీది కాదు, మా కాలనీలో ఉన్న ఇంకో షెల్టరుకి మూడో ఇంట్లో ఉంటాను, దాన్ని ఆపమని సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ పూర్తిగా ఇష్టమేం లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మాకు మండింది షెల్టరు చూసి కాదు. మొదటి మీటింగులో ఒకాయన వచ్చి గంటసేపు దయ గురించి చెప్పాడు. మా అమ్మ పక్షవాతంతో మంచం మీద ఉంది, ఆవిడని ఆరేళ్లుగా చూసుకుంటున్నాను, నాకు దయ గురించి పాఠమా? నేనడిగింది ఒక్కటే. రాత్రి ఒంటిగంటకి మా గేటు ఎవరైనా కొడితే ఎవరికి ఫోన్ చేయాలి, ఎంతసేపట్లో వస్తారు? దానికి జవాబు లేదు.

తర్వాత ఒక నంబరు ఇచ్చారు. చేస్తే స్విచాఫ్. తర్వాత నలభై పడకలన్నవాళ్లు చప్పుడు చేయకుండా యాభై రెండు వేశారు. చలి ఎక్కువైందని, మనుషులు చచ్చిపోతారని వేశారట. ముందు చెప్పి ఉంటే మాలో సగంమంది సరే అనేవాళ్లం. చలిలో మనుషుల్ని బయట పడుకోమనేంత రాక్షసులం కాదు. పరుపులు దింపుతున్న వ్యాను చూసి తెలుసుకోవాల్సి వచ్చింది మాకు.

మీరు ఆదివారం ఒక కాగితం తీసుకెళ్లండి. ఎన్ని పడకలు, పెంచాల్సి వస్తే ఎన్నాళ్ల ముందు చెప్తారు, రాత్రి ఎత్తే నంబరు ఏది. మేనేజరు సొంత నంబరు వద్దు, ఆవిడ పడుకుంటుంది కదా. డెస్కు మీద మోగేది కావాలి. ఇంకా ఎన్ని అడుగుల దూరందాకా మీ బాధ్యత అనేది కూడా రాయండి. సందు చివర ఎవడో అరిస్తే అదీ మీ ఖాతాలో వేసేస్తారు మావాళ్లు, నాకు తెలుసు.

ఖాళీసంచి:

ఎదురింటి మెట్ల మీద సంచితో కూర్చున్నది నేనే అనుకోండి. మీ ఊరు కాదు, మీ షెల్టరు కాదు, కానీ ఎనిమిది నెలలు అదే పని చేశాను.

ఎందుకు కూర్చుంటారంటే సంచి పెట్టుకునే చోటు లేక. అందులో ఆధారాల కాగితాలు, ఒక జత మంచి బట్టలు, మందులు ఉంటాయి. దాంతో పనికి వెళ్తే లోపలికి రానివ్వరు, వదిలేసి వెళ్తే తిరిగొచ్చేసరికి ఉండదు. నాకు రెండుసార్లు పోయింది. రెండోసారి పోయిన కాగితాలు మళ్లీ తెచ్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. కాబట్టి షెల్టరుకి దగ్గర్లో, గోడకి ఆనుకుని, సంచి కాళ్లమధ్య పెట్టుకుని కూర్చోవడమే ఆ రోజుకి పని. తాళం వేసుకునే అల్మారాలు పెట్టించండి మేడం. పగలంతా సామాను లోపలుంటే మనిషి కాళ్లు విడుదలైనట్టే.

రాత్రిడ్యూటీ అన్నగారు చెప్పినదాంట్లో ఒకటి నాకు నచ్చలేదు. పడక 8.30 దాకా ఉంచుతామంటే, నాలాగా తొమ్మిదింటిదాకా గిన్నెలు తోమే పనిలో ఉన్నవాడు ఏం చేయాలి? పని దొరికినవాడే పడక పోగొట్టుకుంటాడు. ఫోన్ చేసి చెప్తే ఆపి ఉంచే పద్ధతి కూడా ఉండాలి.

ఇంకోటి. మీటింగుకి మాలో ఒకణ్ణి తీసుకెళ్లి కథ చెప్పించకండి. నన్ను తీసుకెళ్లారు ఒకసారి. ఇల్లు ఎలా పోయిందో, భార్య ఎందుకు వెళ్లిపోయిందో ముక్కూమొహం తెలియని నలభైమంది ముందు చెప్పాను. ఒకావిడ ఏడ్చింది. మర్నాడు అదే ఆవిడ నన్ను గుర్తుపట్టి రోడ్డు అవతలికి దాటింది.

రాత్రిడ్యూటీ:

తమ్ముడూ, పడక విషయంలో నీదే కరెక్టు. మేం కూడా పని ఉన్నవాళ్ల పేర్లు విడిగా రాసుకునేవాళ్లం, చెప్పడం మర్చిపోయాను. కథ విషయం మాత్రం మర్చిపోలేదు, నేనూ ఒకరిద్దరి చేత చెప్పించాను. తప్పు చేశాను.

సొంతతలుపు:

అందరూ షెల్టరుని ఎలా మెరుగ్గా నడపాలో చెప్తున్నారు, అసలు షెల్టరే ఎందుకని ఎవరూ అడగరేం? 1992లో న్యూయార్క్‌లో పాత్‌వేస్ టు హౌసింగ్ సంస్థ మొదలుపెట్టింది "ముందు ఇల్లు" అనే పద్ధతి. తాగుడు మానెయ్, మందులు వేసుకో, అప్పుడు ఇల్లిస్తాం అనకుండా ముందే ఇల్లిచ్చి, సాయం ఆ తర్వాత. కెనడా ప్రభుత్వం 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో దాదాపు రెండువేల మందితో పరీక్షించి చూసింది. అలా ఇల్లిచ్చినవాళ్లు మామూలు సేవలు అందినవాళ్లకంటే బాగా ఎక్కువగా ఇళ్లలో నిలబడ్డారు. ఫిన్లాండ్ అయితే 2008 నుంచి పెద్ద పెద్ద షెల్టర్లనే ఫ్లాట్లుగా మార్చి, అద్దె ఒప్పందాలు వాళ్ల పేరుమీదే రాయించింది. నలభై పడకల మీద పెట్టే ఖర్చు, తలుపుల మీద పెట్టొచ్చు కదా.

రాత్రిడ్యూటీ:

మీరన్నదాంట్లో ఒక్క అక్షరం కాదనను. కానీ ఆవిడకి ఆదివారం మీటింగుంది, ఇవాళ రాత్రికి నలభైమంది ఉన్నారు, ఆవిడ చేతిలో ఫ్లాట్లు లేవు. ఇళ్లు ఇచ్చేదాకా ఈ మంచాలు ఉండాలి.

కొత్తమేనేజర్ గారికి ఒక కొలత. స్పియర్ ప్రమాణాలని ఉన్నాయి, విపత్తుల్లో వేసే శిబిరాల కోసం రాసినవి. మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. వరదల్లో సర్వం పోయినవాళ్లకే అది కనీసం అన్నప్పుడు, మనం అంతకంటే కిందికి పోకూడదు. మీ నలభైమందికి 140 చదరపు మీటర్లు, రెండు మరుగుదొడ్లు. మూడోఇల్లు గారి కాలనీలో యాభై రెండు వేశారంటే 182 కావాలి, మూడు దొడ్లు కావాలి. అక్కడ గదేమన్నా సాగిందా? రాత్రి అరుపుల్లో సగం ఇరుకు వల్లే వస్తాయి.

కొత్తమేనేజర్:

మీటింగు అయింది. స్లైడ్లు తీసుకెళ్లలేదు, ఒక పేజీ కాగితం తీసుకెళ్లాను. తాగినవాళ్ల ప్రశ్న వచ్చింది, అదే మాటల్లో. గొంతు తడారిపోయింది కానీ "రానిస్తాం, గేటు దగ్గర వదిలేస్తే మీకే ఇబ్బంది" అన్నాను. చప్పట్లు రాలేదు. ఒకాయన కుర్చీ తన్నేసి వెళ్లిపోయాడు. ధరల ఉత్తరం రాసింది ఆయనేనని తర్వాత తెలిసింది.

మరుగుదొడ్డి నాలుగింటికి తెరవడం నిన్నటినుంచి మొదలుపెట్టాం. గోడ నేనే కడిగించాను, వెనకింటావిడ కిటికీలోంచి చూసింది, ఏమీ అనలేదు. అల్మారాలకి పన్నెండింటికే డబ్బులున్నాయి, ఎవరికివ్వాలన్నది ఇప్పుడు కొత్త గొడవ. పనికి వెళ్లేవాళ్లకి ముందు అని రాశాను, లోపల ఇద్దరు అలిగారు. వరండా సంగతి కమిటీ వచ్చే నెల చూస్తామంది.

డెస్కు ఫోన్ నంబరు కాగితం మీద రాసి అందరికీ పంచాం. మొదటి కాల్ రాత్రి 11.10కి వచ్చింది. మా వాచ్‌మన్ ఎత్తి "చెప్పండి సార్, ఏమైంది?" అన్నాడట. "ఏం కాలేదు, ఎత్తుతారో లేదోనని చేశాను" అని అవతల పెట్టేశారు. ప్రతి కాల్ రిజిస్టర్‌లో రాయాలని చెప్పాను కదా, పొద్దున చూస్తే టైము, నంబరు రాసి, ఫిర్యాదు అనే గడిలో "పరీక్ష" అని, తీసుకున్న చర్య అనే గడిలో "ఎత్తాను" అని రాసిపెట్టాడు.