చీనీ (బత్తాయి) అంటు మొక్కల గురించి రాస్తే పరువు నష్టం నోటీసు వచ్చింది, ఏం చేయాలి?

నార్పల రైతు:
అందరికీ నమస్కారం. టెన్షన్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. నాలుగేళ్ల కిందట ఒక నర్సరీలో 400 చీనీ అంట్లు కొన్నా. రంగపూర్ నిమ్మ వేరు మొక్క మీద కట్టినవని చెప్పి ఇచ్చారు. పోయిన ఏడాది నుంచి చెట్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. అంటు కింద లేచిన చిగుళ్లు చూసి, ఇవి రంగపూర్ కాదు, జంబేరి అనే వేరే నిమ్మ రకం వేర్లప్పా అని తెలిసినాయన చెప్పాడు. కడుపు మండి ఆ రాత్రే నా ఫేస్‌బుక్‌లో రాసేశా. పేరు మాత్రం రాయలేదు. "బైపాస్ పక్కన పచ్చ గేటు నర్సరీ ఓనరు పచ్చి దొంగ, వందల మంది రైతుల కొంప ముంచాడు, ఆఫీసర్లకు లంచాలిచ్చి లైసెన్సు తెచ్చుకున్నాడు" అని రాశా. మన చీనీ రైతులు బాగా షేర్ చేశారు. నిన్న రిజిస్టర్ పోస్టులో లాయరు నోటీసు వచ్చింది. 15 రోజుల్లో క్షమాపణ చెప్పి 10 లక్షలు కట్టాలంట, లేకుంటే సివిల్, క్రిమినల్ రెండు కేసులూ వేస్తారంట. మా ఇంట్లో ఆవిడ రాత్రంతా నిద్రపోలేదు. పోలీసులు వస్తారా? నోటీసు ఫోటో కింద పెట్టా, చూడండి.

గ్రూప్ అడ్మిన్:
ఫోటో తీసేశా అన్నా, ఏమనుకోవద్దు. దాంట్లో అవతలాయన పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ కనబడుతున్నాయి. ఉన్న తంటా చాలు.

తాడిపత్రి కుర్రోడు:
నిజం రాస్తే పరువు నష్టం ఏంది? ఆ నోటీసు చించి పారెయ్ అన్నా. బెదిరించడానికి పంపుతుంటారు ఇట్లాంటివి.

కర్నూలు లాయరు:
చించొద్దు. కవరు కూడా దాచు, దాని మీద పోస్టాఫీసు ముద్ర, తేదీ ఉంటాయి.

ముందు పోలీసుల సంగతి. పరువు నష్టం నేరమే, కానీ పోలీసులు తమంతట తాము ఎఫ్‌ఐఆర్ కట్టి పట్టుకుపోయే రకం నేరం కాదు. పరువు పోయిందనుకున్న మనిషే మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. బెయిలు హక్కుగా వస్తుంది. ఇంతకుముందు ఐపీసీ 499, 500 అనేవాళ్లం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్తగా సమాజ సేవ అనే శిక్ష కూడా చేర్చారు. ఇంకొక మార్పు నీలాంటి వాళ్లకు పనికొచ్చేది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 223వ సెక్షను ప్రకారం మేజిస్ట్రేటు ఫిర్యాదును కేసుగా తీసుకోకముందే నీ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పాత చట్టంలో ఇది లేదు, సమన్లు చేతికొచ్చాకే సంగతి తెలిసేది.

10 లక్షలంటావా, అది వాళ్లు అడిగిన అంకె, కోర్టు వేసింది కాదు. దావా వేయాలంటే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు వాళ్లే కట్టుకోవాలి. అందుకే నోటీసులో ఉన్న అంకె దావాలో చాలాసార్లు తగ్గిపోతుంది. సివిల్ దావాకు రాసిన రోజు నుంచి ఏడాది గడువు, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు.

ఇంతవరకు ధైర్యం చెప్పా. ఇప్పుడు నీకు నచ్చని మాట చెప్తా, ఓపిగ్గా చదువు. నువ్వు రాసింది ఒకటే మాట అనుకుంటున్నావు, దాంట్లో మూడున్నాయి. జంబేరి అంట్లు అంటగట్టారన్నది నీ తోటలో జరిగింది, చెట్లే సాక్ష్యం. అది నిలబడుతుంది. "పచ్చి దొంగ, వందల మంది కొంప ముంచాడు" అన్నావు, కోర్టులో ఆ వందల్లో పది మందిని నిలబెట్టగలవా? ఇక లంచం మాట. ఇచ్చేటప్పుడు చూశావా? ఎవరైనా చూశామని కాగితం మీద రాసిస్తారా? పైగా ఆ మాట నర్సరీ ఆయన్నే కాదు, లైసెన్సు ఇచ్చిన ఆఫీసర్లను కూడా అన్నట్టు. నోటీసు పంపిన లాయరు నీ జంబేరి జోలికి రాడు, ఈ లంచం దగ్గరే పట్టుకుంటాడు.

నార్పల రైతు:
పేరు రాయలేదు కదా సార్?

కర్నూలు లాయరు:
నీ రాత చదివినవాళ్లు ఏ నర్సరీనో గుర్తుపట్టారా లేదా? పచ్చ గేటు చూసి మా కర్నూలోళ్లకు తెలియకపోవచ్చు, మీ మండలంలో చీనీ వేసిన ప్రతి మనిషికీ తెలుస్తుంది. అంతే చాలు. మనిషికే కాదు, కంపెనీకైనా సంఘానికైనా ఇదే వర్తిస్తుంది.

తాడిపత్రి కుర్రోడు:
అయితే నిజానికి విలువ లేదా సార్? మాట్లాడే హక్కు రాజ్యాంగంలోనే ఉంది కదా.

కర్నూలు లాయరు:
ఉంది తమ్ముడూ. సివిల్ దావాలో రాసింది నిజమని రుజువు చేస్తే దావా పోతుంది. క్రిమినల్ కేసులో నిజమొక్కటే చాలదు, అది నలుగురి మేలు కోసం బయటపెట్టిందని కూడా చూపాలి. రెండిట్లోనూ రుజువు చేసే బరువు రాసినవాడి మీదే. రాజ్యాంగం అన్నావు కాబట్టి చెప్తున్నా, ఈ నేరాన్ని పుస్తకాల్లోంచి తీసేయాలని సుబ్రమణ్యస్వామి వగైరాలు సుప్రీంకోర్టుకు పోతే, 2016లో కోర్టు ఒప్పుకోలేదు. మనిషి పరువు కూడా బతికే హక్కులో భాగమే అంది. నాకు ఆ తీర్పు నచ్చదు, డబ్బు దావా ఉండగా జైలెందుకని నా అభిప్రాయం. కానీ ఇవాళ్టికి చట్టం అదే.

పుట్లూరు అక్క:
నేను కూడా ఆ పోస్టు షేర్ చేశా. "దొంగలు దొంగలు" అని ఒక మాట కూడా చేర్చా. నాకూ వస్తుందా నోటీసు?

కర్నూలు లాయరు:
రావచ్చమ్మా. కేజ్రీవాల్ ఒక వీడియోను ఊరికే రీట్వీట్ చేసిన కేసులో, పరువు తీసే మాటను మళ్లీ పంచడం కూడా పరువు నష్టమే అవుతుందని ఢిల్లీ హైకోర్టు 2024 ఫిబ్రవరిలో చెప్పింది. తర్వాత ఆయన సుప్రీంకోర్టులో, అది నా పొరపాటే అని ఒప్పుకున్నాడు. మీరు మీ షేర్ తీసేయండి. అడ్మిన్‌గారు అడగకముందే చెప్తున్నా, సభ్యులు రాసిందానికి వాట్సాప్ గ్రూపు అడ్మిన్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అందుకని నిద్రపోవద్దు, ఆ ఫోటో తీసేసి మంచి పని చేశారు.

కడప నుంచి ఒకరు:
నా అనుభవం చెప్తా. ఆరేళ్ల కిందట ఒక బిల్డర్ మీద రాశా. రాసిందంతా నిజమే, అగ్రిమెంటు ఉంది, బ్యాంకు కాగితాలున్నాయి. అయినా క్రిమినల్ ఫిర్యాదు వేశాడు, అది కూడా వేరే ఊరి కోర్టులో. వాయిదా పడ్డ ప్రతిసారీ తెల్లారుజామున బస్సెక్కాలి, అక్కడ పేరు పిలిచేదాకా చెట్టు కింద కూర్చోవాలి. మేజిస్ట్రేటు సెలవంటే మళ్లీ తేదీ. ఆఫీసులో సెలవులన్నీ అయిపోయాయి. మొదట్లో మా లాయరు హాజరు మినహాయింపుకు దరఖాస్తు వేయలేదు, అది అడగొచ్చని నాకూ తెలియదు. రెండేళ్లయ్యాక లోక్ అదాలత్‌లో రాజీ అయింది. నేను "మోసగాడు" అన్న ఒక్క మాట వెనక్కి తీసుకున్నా, ఆయన నా అడ్వాన్సులో సగం వెనక్కిచ్చాడు. గెలిచానా ఓడానా అని మా తమ్ముడు అడుగుతుంటాడు. కర్నూలు లాయరుగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఒక్క మాట రాయకుండా ఉంటే ఫిర్యాదులో పెట్టడానికి వాళ్లకు ఏమీ దొరికేది కాదు.

నార్పల రైతు:
ఇప్పుడు ఏం చేయాలి సార్? పోస్టు తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టా?

కర్నూలు లాయరు:
ఒప్పుకున్నట్టు కాదు. కానీ తీసేయకముందు మొత్తం స్క్రీన్‌షాట్లు తీసుకో, తేదీ, టైము కనబడేట్టు. వాళ్లు ఎటూ తీసిపెట్టుకునే ఉంటారు. తర్వాత దాన్ని దించెయ్. నర్సరీ ఆయనకు ఫోన్ చేసి మాట్లాడొద్దు, బతిమాలొద్దు, బెదిరించొద్దు, ఆ మాటలన్నీ రికార్డవుతాయి. "నోటీసు వచ్చింది చూడండి" అని కొత్త పోస్టు అసలే వద్దు.

నోటీసుకు జవాబు ఇవ్వకపోతే నేరమేమీ కాదు, కానీ ఇవ్వడమే మంచిది. లాయరు చేతే రాయించు, నువ్వు రాయొద్దు. కోపంలో నీ చెయ్యి ఎట్లా పోతుందో చూశాం కదా. అంట్ల మాట మీద గట్టిగా నిలబడి, లంచం మాట, వందల మంది మాట వెనక్కి తీసుకుంటే చాలావరకు గాలి పోతుంది. ఫీజు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పో, 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఇంకా కొన్ని వర్గాలకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది.

అసలు పని ఇంకోటుంది. నీ గోడు ఫేస్‌బుక్‌లో పోశావు గానీ, ఉద్యాన శాఖ ఆఫీసులో ఒక అర్జీ ఇచ్చావా? చర్య తీసుకునే అధికారం ఉన్నవాళ్లకు సదుద్దేశంతో చేసిన ఫిర్యాదుకు ఈ 356వ సెక్షనులోనే మినహాయింపు ఉంది. ఊరంతా చదివేట్టు రాస్తే నోటీసు తెచ్చిన సంగతే అర్జీలో రాస్తే నీ హక్కు. అక్కడ కూడా దొంగ, లంచం అని రాయొద్దు. ఏ రోజు కొన్నావు, ఎంత కట్టావు, ఏమని చెప్పి ఇచ్చారు, ఎన్ని ఎండాయి, అంతే.

అట్లాగే వినియోగదారుల కమిషన్. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది, మా కర్నూలు ఫోరం నుంచి పోయిన కేసులు కూడా అందులో ఉన్నాయి. అంట్లకూ అదే వాదన. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. రెండేళ్ల గడువుంది, ఎండడం మొదలైన రోజు నుంచి లెక్కించమని అడగొచ్చు గానీ, ఇంక ఆలస్యం చేయొద్దు. బిల్లు ఉందా?

నార్పల రైతు:
బిల్లు ఇవ్వలేదు సార్. తెల్ల చీటీ మీద 400 అని రాసిచ్చారు. డబ్బు సగం చేతికిచ్చా, సగం ఫోన్‌పే చేశా.

కర్నూలు లాయరు:
ఫోన్‌పే హిస్టరీ, బ్యాంకు స్టేట్‌మెంటు తీసిపెట్టు. చీటీని పారేయకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టు.

నార్పల రైతు (తొమ్మిది రోజుల తర్వాత):
జవాబు పంపాం. అనంతపురంలోనే ఒక లాయరును పెట్టుకున్నా, ఫీజు తక్కువే తీసుకున్నాడు. పాత పోస్టు దించేశా. చీటీ మా అమ్మ బియ్యం డబ్బాలో దొరికింది. ఉద్యాన శాఖలో అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకున్నా, వచ్చే వారం తోటకు వస్తామన్నారు. పుట్లూరు అక్క తోటలో కూడా అదే నర్సరీ అంట్లున్నాయంట, ఆమె కూడా వేరే అర్జీ ఇచ్చింది. ఒక డౌటు సార్. ఎండిన చెట్లు అరవై దాకా ఉన్నాయి. పీకేసి ఆ జాగాలో దానిమ్మ వేద్దామని కూలీలను పిలిచా. పీకేయొచ్చా?

కర్నూలు లాయరు:
వద్దు, వద్దు! కూలీలను ఈరోజే వెనక్కి పంపించు. ఆఫీసర్లు వచ్చి అంటు కింద భాగం చూసి రిపోర్టు రాసేదాకా ఒక్క చెట్టు కూడా కదలకూడదు.

నార్పల రైతు:
సరే సార్. ముగ్గురొచ్చి గట్టు మీద కూర్చున్నారు, టీ ఇచ్చి పంపిస్తున్నా.