పదో తరగతికి వర్గ సమీకరణాలు ఎట్ల మొదలుపెడ్తున్నరు?

నర్సంపేట దిక్కు సర్కారు బడిల మ్యాథ్స్ చెప్తున్న. ప్రతి ఏడు ఇదే బాధ, ఫార్ములా బోర్డు మీద రాయంగనే పిల్లలు బట్టీ కొట్టి గడగడ అప్పజెప్తరు, కానీ అది ఎక్కడికెళ్లి వచ్చిందంటే ఒక్కరు నోరు తెరువరు. ముందు ఏం చెప్తె మంచిగుంటది?

జవాబు 1
మేడమ్, నేనైతే ఇంటి ప్లాటుతోటి మొదలుపెడ్త. 300 గజాల ప్లాటు, పొడుగు ఎడల్పు కంటే 5 గజాలు ఎక్కువ, ఎడల్పెంత? 10 ఇంటు 15 అంటరు, చాలదు, 15 ఇంటు 20 కాడికి వాళ్లే వస్తరు. అప్పుడు 300ను 310 చేయండి, ఊహ పనిచేయదు, ఇగ పద్ధతి కావాలని వాళ్లే అడుగుతరు. 300 లెక్కకు మైనస్ 20 కూడా జవాబే, కానీ ఎడల్పు మైనస్ ఉండదని పిల్లలతోనే చెప్పియ్యాలె, మనం కొట్టెయ్యొద్దు.

జవాబు 2
చార్ట్ పేపర్ కట్ చేపియ్యండి మేడమ్. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 10 ఎక్స్ ఈక్వల్స్ 39, ఇది 9వ శతాబ్దంల బాగ్దాద్‌ల అల్ ఖ్వారిజ్మీ అనే గణిత పండితుడు చేసిన లెక్కనే. ఎక్స్ భుజం చదరం, దాని రెండు పక్కల 5 ఎడల్పు పట్టీలు అతికిస్తె మూలకు 5 ఇంటు 5 ఖాళీ మిగుల్తది. 39కి ఆ 25 ముక్క కలిపితె మొత్తం 64, భుజం 8, అందులకెళ్లి 5 తీస్తె ఎక్స్ 3. ఆ ఖాళీ మూల కండ్లతోని చూసిన పిల్లలు వర్గం పూర్తి చేసుడు మర్చిపోరు. ఫార్ములా గూడ ఇందులకెళ్లే వస్తది.

అడిగినామె
మస్తు థ్యాంక్స్. రేపు కత్తెర్లు, చార్ట్‌లు పట్టుకపోత, ప్లాటు లెక్క ముందు పెడ్త.