వరదొస్తే పొయ్యి వెలిగించకుండా తినేవి ఇంట్లో ఏం చేసి పెట్టుకోవచ్చు?

సింగ్‌నగర్_రెండో_అంతస్తు:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు పై అంతస్తు కాబట్టి ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ కరెంటు పోయింది, మోటారు ఆడలేదు, సరిగ్గా అప్పుడే గ్యాస్ కూడా అయిపోయింది. బియ్యం బస్తా ఎదురుగా ఉన్నా వండుకునే దారి లేదు. పొట్లాలు అందేదాకా పిల్లలకి బిస్కెట్లే గతి. మళ్లీ తుఫాను అన్న మాట వింటేనే టెన్షన్. ఈసారి ముందే ఒక డబ్బా సిద్ధం చేసుకోవాలనుకుంటున్నా. యూట్యూబ్‌లో పెమ్మికన్ (ఎండు మాంసం పొడి, కొవ్వు కలిపినది), హార్డ్‌టాక్ (రాయిలాంటి గట్టి బిస్కెట్) అని చూపిస్తున్నారు, ఏళ్ల తరబడి పాడవవట. మన దగ్గర కుదురుతాయా, లేక మన పాతకాలం వంటలే నయమా? ఇంట్లో ఇద్దరు పిల్లలు, షుగర్ ఉన్న అత్తయ్య గారు.

బ్రాడీపేట_పిన్ని:
అమ్మా, ముందు మినప పిండి చేసి పెట్టుకో. సున్నుండలు చుట్టి దాచొద్దు, పిండిగానే దాచు, వానాకాలంలో బెల్లం చెమ్మ లాగేసి ఉండ మెత్తబడుతుంది. కేజీ పొట్టు మినప్పప్పు, ఒక గుప్పెడు బియ్యం వేసి సన్నసెగ మీద వేయించు. తొందరపడి మంట పెంచితే పైన మాడుతుంది, లోపల పచ్చి వాసన పోదు. పప్పు ఎర్రబడి వీధిలోకి వాసన రావాలి. పూర్తిగా చల్లారాకే మరకి పంపించు. మరలోంచి వచ్చేటప్పుడు పిండి చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది, చాలామంది అలాగే డబ్బాలో పోసి మూత బిగించేస్తారు. ఆ ఆవిరి మూత లోపలికి ఎక్కి చుక్కలై మళ్లీ పిండి మీదే పడుతుంది, నాలుగు రోజులకి గడ్డలు, తర్వాత బూజు. పొడి గుడ్డ మీద పల్చగా పరిచి, వేలు పెడితే చల్లగా తగిలేదాకా ఆగు. ఇలా చేసిన పిండి నాకు రెండు నెలలు పైనే బాగుంటుంది. కావలసినప్పుడు ఇంత బెల్లం తురుము, ఇంత నెయ్యి కలుపుకుని తినడమే. మన ఎండలకి నెయ్యి గట్టిపడేది ఎప్పుడు గనక!

అటుకులు కూడా ఎండలో పెట్టి, నూనె లేకుండా కరకరలాడేలా వేయించి గాలి చొరని డబ్బాలో పెట్టు. తాగే నీళ్లు కొంచెం చల్లితే నిమిషాల్లో మెత్తబడతాయి. జంతికలు, చెక్కలు ఎక్కువగా నమ్ముకోవద్దు. నూనెలో వేగినవి కొన్నాళ్లకి పాత నూనె కంపు కొడతాయి, అప్పుడు పిల్లలు ముట్టరు.

ఫుడ్‌టెక్_గుంటూరు:
పిన్నిగారు చెప్పినదాంట్లో అసలు కిటుకు ఉంది. తిండిని పాడుచేసేది ముఖ్యంగా తేమ, కొవ్వున్న వాటిని గాలి, వెలుతురు, వేడి. పెమ్మికన్ కూడా అదే లెక్క. ఉత్తర అమెరికాలో క్రీ, మెటీస్ జనాలు అడవిదున్న మాంసాన్ని పల్చగా కోసి ఎండబెట్టి, దంచి పొడి చేసి, కరిగించి వడగట్టిన కొవ్వు పోసి కలిపేవాళ్లు, కొన్నిసార్లు ఎండిన పళ్లు కూడా. మాంసంలో కొవ్వు ముక్క ఉండకూడదు, అది త్వరగా చెడుతుంది. పడవల మీద బొచ్చు తోళ్ల వ్యాపారం చేసినవాళ్లకి అదే ఆధారం, 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందం కూడా పెమ్మికన్ తీసుకెళ్లింది. కానీ అవి చలి దేశాలు. మన ఉక్కలో, ఎంత ఎండిందో కొలిచే సాధనం లేకుండా, వండకుండా తినే మాంసం ఇంట్లో చేయమని నేను చెప్పను. మన మాంసం వరుగులైనా వండుకునే తింటాం కదా. హార్డ్‌టాక్ ప్రమాదం లేనిదే. గోధుమపిండి, ఉప్పు, నీళ్లు కలిపి చెమ్మ పూర్తిగా పోయేదాకా ఓవెన్‌లో కాల్చడం. కాకపోతే రాయిలా ఉంటుంది, నానబెట్టకపోతే అత్తయ్య గారి పళ్లకి కష్టం.

ఇంకో మాట, తడి ఉన్న కూరలు, పప్పులు ఇంట్లో వాక్యూమ్ ప్యాక్ చేసి బయట ఉంచొద్దు. గాలి లేని తడిలోనే పెరిగే బాక్టీరియా ఉంది, దాని విషంతో వచ్చే జబ్బుని బొట్యులిజం అంటారు, ప్రాణం మీదకి వస్తుంది, వాసనలో తేడా తెలియకపోవచ్చు కూడా. వేరుశనగల్లో బూజు పట్టినవి, రంగు మారినవి కడిగి వాడకుండా పారేయండి.

సింగ్‌నగర్_రెండో_అంతస్తు:
పిన్నిగారూ, చాలా థ్యాంక్స్ అండి. మర మా వీధిలోనే ఉంది, ఈ వారమే చేస్తా. అత్తయ్య గారికి బెల్లం పడదు కదా, ఆవిడకేం పెట్టాలి? ఆవకాయ జాడీ ఎలాగూ ఉంది.

కృష్ణలంక_రవి:
అక్కా, పుట్నాల పప్పు పొడి చెయ్యి. బీహార్ వాళ్లు తాగే సత్తు (వేయించిన శనగల పిండి) లాగా గ్లాసు నీళ్లలో రెండు మూడు చెంచాలు, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు, ఉంటే నిమ్మకాయ. కడుపు నిండుతుంది, పొయ్యి అక్కర్లేదు. షుగర్ మాత్రల్లో కొన్ని వేసుకుని తినకుండా ఉంటే షుగర్ బాగా పడిపోతుంది, అందుకని ఆవిడ డాక్టర్ని ఇప్పుడే అడిగిపెట్టుకో, మాత్రలు కూడా నెలకి సరిపడా తెచ్చి అదే డబ్బాలో పెట్టు.

ఆవకాయ మీద మాత్రం ఆధారపడకు. పాడవదు నిజమే, కానీ దాహం పెంచుతుంది. ఆ రోజుల్లో మనకి తిండి కంటే మంచినీళ్లే కదా కరువైంది! ఎండుచేపలు, ఊరమిరపకాయలు, అప్పడాలు అన్నీ అంతే. ముందు నీళ్ల క్యాన్లు చూసుకో, మనిషికి రోజుకి మూడు లీటర్లు తాగడానికే అనుకో. విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాలు పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపాలి. ప్యాకెట్లు దొరికితే అవే మేలు.

పాయకాపురం_గ్రౌండ్‌ఫ్లోర్:
మాకు ఇంట్లోకే వచ్చాయి నీళ్లు. డబ్బాలు అటక మీద పెట్టండి, బీరువా పైన కాదు, మా బీరువా తేలి పక్కకి పడిపోయింది. వరద నీళ్లు తగిలిన మరమూత సీసాలు, పచ్చడి జాడీలు, ప్లాస్టిక్ డబ్బాలు, లోపల బాగానే కనిపించినా పారేయాల్సిందే, మురుగు మూత సందుల్లోంచి లోపలికి పోతుంది. మా అమ్మకి ఏడాది పచ్చడి పారేయాలంటే ప్రాణం ఒప్పలేదు, అయినా పారేశాం. పెద్ద డబ్బా ఒకటి కాకుండా చిన్న చిన్నవి పెట్టుకుంటే ఒకటి తెరిచినా మిగతావాటికి గాలి తగలదు. డబ్బా మీద చేసిన తేదీ రాయండి. రెండు నెలలు కాగానే పిల్లలకి సాయంత్రం టిఫిన్‌గా పెట్టేసి కొత్తది చేయండి.

బ్రాడీపేట_పిన్ని:
నెయ్యి మాత్రం వేరే సీసాలో పెట్టమ్మా. వెన్న కాచేటప్పుడు చిటపట ఆగి, అడుగున గసి ఎర్రబడ్డాకే దించి వడగట్టు. తడి చెంచా పెట్టనివ్వకు.